పద్దెనిమిది తలలు

ఆడవాళ్ళ జైలు ముందుగది. బల్లకు అవతల కంపెనీ నీలం చొక్కాలో షిఫ్టు మేనేజరు. ఇవతల ఆమె అత్తగారు. కంపెనీ రాకముందు ఇదే జైల్లో ఇరవై ఎనిమిదేళ్ళు వార్డరుగా చేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం మూడు దాటింది.

"నేను కూర్చోను. కూర్చుంటే నువ్వు మంచినీళ్ళిస్తావు, మాట మారుస్తావు. అడిగినదానికి చెప్పు. ఆరో గదిలో ఉన్నావిడకి ఎలా ఉంది?"

"నిలకడగా ఉంది అత్తయ్యా."

"నిలకడగా అంటే?"

"అంటే... నిలకడగానే."

"నువ్వు చూశావా?"

"రిపోర్టులో ఉంది."

"రిపోర్టు సంగతి కాదే నేనడిగింది. నీ కళ్ళతో చూశావా?"

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి. ఇది ఆఫీసు."

"ఇది ఆఫీసని నాకు చెబుతున్నావా? నువ్వు కూర్చున్న బల్ల దగ్గరే కదా నేనూ కూర్చున్నది. ఆ పై సొరుగు లాగితే ఎడమవైపు ఇరుక్కుంటుంది. ఇప్పటికీ ఇరుక్కుంటోందా?"

"ఇరుక్కుంటోంది."

"చూశావా. అది కూడా బాగుచేయించలేదు మీ కంపెనీ."

"మీ రోజుల్లోనూ ఎవరూ బాగుచేయించలేదు కదత్తయ్యా."

"సరే, సొరుగు వదిలెయ్. దుప్పట్లు ఉతికే ఆవిడ పొద్దున్న మనింటికొచ్చింది. నువ్వప్పటికే డ్యూటీకి వచ్చేశావు. నిన్న ఆరో గది దుప్పటి పిండితే నీళ్ళు కారాయట, అంత చెమట. దిండు గలీబు మీద రక్తం మరకట. దగ్గుతోందా?"

"ఖైదీల ఆరోగ్యం గురించి బయటివాళ్ళతో మాట్లాడకూడదు."

"బయటివాళ్ళా? ఎవరే బయటివాళ్ళు?"

"రూలు అలా ఉంది."

"ఆవిడ మన వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న బొత్తాలమ్మ. నువ్వేసుకున్న ఆ చొక్కాకి బొత్తం ఊడిపోతే కుట్టిచ్చింది కూడా ఆవిడే."

"తెలుసు."

"తెలిసే ఖైదీ అంటున్నావు. ఏం చేసిందని ఖైదు? మిషను దారికి అడ్డమని మీ గార్డులు లాక్కెళ్తుంటే వదల్లేదు. ఆ పెనుగులాటలో ఒకడి వేలు నలిగింది. వేలికి నలభై రోజులు. వీధిలో పట్టుకునేదీ మీరే, తీసుకొచ్చి ఇక్కడ పెట్టుకునేదీ మీరే."

"శిక్ష వేసింది కోర్టు."

"సాక్ష్యం చెప్పిందెవరు?"

"అత్తయ్యా, పెరట్లోకి వెళ్ళి మాట్లాడుకుందాం రండి."

"పెరట్లోకి ఎందుకు? నేనేమైనా దొంగతనానికొచ్చానా? ఇక్కడే చెప్పు. డాక్టరు చూశాడా?"

"చూశారు."

"వచ్చి చూశాడా?"

"రారు. తెరమీద కనబడతారు."

"తెరమీద నాడి ఎలా చూస్తాడే?"

"నాలుక చూపించమన్నారు, చూపించింది. జ్వరం మాత్రలు రాశారు."

"దగ్గితే రక్తం పడుతోందని చెప్పారా?"

"చెప్పాం. ఆ ప్రశ్న ఆయన ఫారంలో లేదట."

"ఫారంలో లేకపోతే ఒంట్లో కూడా లేనట్టేనా? ఆస్పత్రికి పంపు మరి."

"ఖైదీని బయటికి తీసుకెళ్ళాలంటే వెంట ఇద్దరు గార్డులుండాలి."

"పంపు ఇద్దర్ని."

"జైల్లో కూడా ఎప్పుడూ ఇద్దరుండాలి."

"అంటే నలుగురు కావాలి. ఎంతమందున్నారు?"

"పగటి షిఫ్టుకి ఇద్దరం."

"ఇద్దరా? మేం పదకొండు మందిమి ఉండేవాళ్ళం."

"తెలుసు. రెండో ఆమెది సగం పూటే. రెండింటికి వెళ్ళిపోయింది."

"అయితే ఇప్పుడీ జైలు మొత్తానికి..."

"నేనొక్కదాన్నే."

"మనుషులు కావాలని అడగలేదా?"

"నాలుగు రోజుల్లో ఆరుసార్లు రాశాను. 'మీ విన్నపం మాకు చాలా ముఖ్యం' అని జవాబొస్తుంది."

"ఎవరి దగ్గర్నుంచి?"

"ఎవరి దగ్గర్నుంచీ కాదు. అలా వస్తుందంతే."

"నీ పైవాడెవడు?"

"ఏరియా మేనేజరు."

"ఎక్కడుంటాడు?"

"ఫోన్లో."

"ఫోన్లో ఉంటాడా? ఇల్లూ వాకిలీ లేవా మనిషికి?"

"ఉండే ఉంటాయి. నేను చూడలేదు."

"నేను పొద్దుటి నుంచి ఎక్కని గడప లేదు. పోలీసు స్టేషనుకెళ్ళాను. గుమ్మం మీద మీ నీలం బోర్డే. లోపల కౌంటర్లో కూర్చున్నవాడు టోకెన్ తీసుకోమన్నాడు. తీసుకున్నాను. నా నంబరు పిలిచేసరికి పదకొండైంది. జైలు మీద ఫిర్యాదు అన్నాను. 'జైలు కూడా మాదే మేడం, మా మీద మేమే ఎలా తీసుకుంటాం' అన్నాడు. నవ్వుతూ అన్నాడు, అదీ నా మంట. అక్కణ్ణుంచి కోర్టుకి. గుమస్తా నాకు పాత పరిచయమే. 'అక్కా, జైలు ఇప్పుడు మా చేతిలో లేదు, కాంట్రాక్టు చేతిలో ఉంది' అన్నాడు. కాంట్రాక్టుకి చేతులెక్కడున్నాయిరా, చూపించు, పట్టుకుంటాను అన్నాను. ఏం లాభం? గోడకి చెప్పుకున్నా నయం, కాస్త సున్నమైనా రాలుతుంది."

"పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా?"

"ఇదిగో, మాట మారుస్తున్నావు."

"మార్చడం లేదు. పెరట్లోకి రండి."

"మళ్ళీ పెరడు. ఈ చొక్కా తొడుక్కున్న రోజున ఏమన్నావు నువ్వు? 'లోపల మనవాళ్ళొకరుంటే మేలు అత్తయ్యా' అన్నావు. ఏడాదైంది. ఏం మేలు చేశావు చెప్పు?"

"అత్తయ్యా..."

"నేను చేసినన్నాళ్ళూ పుణ్యాత్మురాలినని అనను. నోరు పారేసుకున్నాను. ఒకరిద్దరి మీద చెయ్యి కూడా చేసుకున్నాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఒక మనిషి దగ్గుతూ పడుంటే నిలకడగా ఉందని చెప్పి కూర్చోలేదు. ప్రతి ఒక్కదాని పేరూ తెలుసు, వాళ్ళ పిల్లల పేర్లూ తెలుసు. తాళం నా దగ్గరుండేది కాబట్టి తప్పూ నా దగ్గరే ఉండేది. ఇప్పుడు తాళం నీ దగ్గరుంది. తప్పు ఎవరి దగ్గరుందే?"

"మీకు దండం పెడతాను, రండి. ఇక్కడ వెలుతురు చాలదు."

"మాట్లాడుకోవడానికి వెలుతురెందుకు?"

"పైన చూడండి. ఆ నల్ల బుడ్డి ఒక్కటేగా ఉంది దీపం."

"అది దీపమేమిటే? అది కెమె..."

"అదే అత్తయ్యా. అదే. రండి."

"పద. నా మోకాలు కాస్త పట్టేసింది, చెయ్యివ్వు."

పెరడు. దండేల మీద తడి దుప్పట్లు. వాటి మధ్య ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి సగమే కనబడుతోంది.

"ఇక్కడ వినబడదా వాళ్ళకి?"

"ఇక్కడిది ఆర్నెల్ల కిందటే పాడైంది. బాగుచేయించమని రాశాను."

"చాలా ముఖ్యమన్నారా?"

"అన్నారు."

"సరే, ఇప్పుడు చెప్పు. ఎలా ఉంది ఆవిడకి?"

"తెలీదు."

"తెలీదా? గది తాళం నీ నడుముకి వేలాడుతుంటే..."

"ఆవిడ గదిలో లేదత్తయ్యా."

"లేదంటే? లేదంటే ఏమిటే? తిన్నగా చెప్పు."

"అయ్యో, అది కాదు, బతికే ఉంది. పెద్దాసుపత్రిలో ఉంది. పొద్దున్న లెక్క అవగానే నేనే పంపించాను."

"గార్డులు?"

"లేరు."

"కాయితం?"

"లేదు."

"మరి ఎలా పంపావు?"

"మీ అబ్బాయి స్కూలు వ్యానులో. పిల్లల్ని ఎక్కించుకోబోయే ముందు వచ్చారు. ఈ పెరటి తలుపులోంచే తీసుకెళ్ళి వెనకసీట్లో పడుకోబెట్టాం. చేతుల మీద మోశాను, బరువే లేదు."

"వాడు నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"నేనే వద్దన్నాను. మీకు చెబితే దాగదని. మీ గొంతు..."

"నా గొంతుకేం?"

"ఏం లేదత్తయ్యా."

"అయితే ముందుగదిలో నేనంతసేపు అరిచిందంతా..."

"హెడ్డాఫీసుకి వెళ్ళింది. ఒకందుకు మంచిదే. ఆవిడ గదిలోనే ఉందని మీరు నమ్మినట్టు రికార్డైంది."

"నిన్ను నానా మాటలూ అన్నాను."

"అవీ రికార్డయ్యాయి."

"ఆస్పత్రిలో ఏమని చేర్చాడు?"

"ఖైదీ అంటే జైలు కాయితం అడుగుతారు. మామూలు మనిషంటే కార్డు అడుగుతారు, అది లేకపోతే మంచమివ్వరు. అందుకని... మీ బీరువాలో పెన్షను కార్డుంది కదా."

"నా కార్డా?"

"మీ పేరు మీదే చేర్చుకున్నారు."

"అంటే ఇప్పుడు పెద్దాసుపత్రిలో దగ్గుతూ పడుకున్నది నేనా?"

"కార్డు ప్రకారం మీరే."

"నాకు అరవై మూడు. ఆవిడకి నలభై ఎనిమిది. ఎలా నమ్మారే?"

"నాలుగు రోజుల్లో అలా అయిపోయింది అత్తయ్యా. కోప్పడండి. పర్వాలేదు."

"డాక్టర్లేమన్నారు?"

"ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే అని ఆగిపోయారట. మూడు రోజులు కదిలించొద్దన్నారు. పదింటికి మీ అబ్బాయి ఫోన్ చేసి చెప్పారు. మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పుడెలా ఉందో నాకూ తెలీదు."

"ఏడవకే. ఏడ్చేదానివి ఇంత పనికి ఎలా తెగించావు?"

"ఏడవడం లేదు. నాలుగింటికి మళ్ళీ లెక్కుంది."

"లెక్కకి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. హెడ్డాఫీసులో ఒకతను తెరమీద చూస్తాడు. మంచానికో తల. పద్దెనిమిది ఉండాలి. పదిహేడే కనబడితే గంట మోగుతుంది. మోగిందంటే ఊళ్ళో ఉన్న కంపెనీ గార్డులంతా బండ్లెక్కుతారు. ముందు వెళ్ళేది ఆస్పత్రికే. సెలైను సూదితో సహా లాక్కొచ్చేస్తారు."

"నిన్నో?"

"నన్ను ఎక్కడికీ లాక్కెళ్ళక్కర్లేదుగా. ఇక్కడే ఉన్నాను."

"మరి ఏం చేద్దామనుకున్నావు, పంపేటప్పుడు?"

"అప్పుడేమీ అనుకోలేదు. ఆవిడ పెదాలు నల్లగా అయిపోయాయి, అంతే చూశాను. తర్వాత దుప్పటి కింద దిండ్లు పెడదామనుకున్నాను. కుదరదు. స్పీకర్లో నంబరు పిలిచి చెయ్యెత్తమంటాడు. దిండు చెయ్యెత్తదు కదా. అందుకని నేనే ఫోన్ చేసి చెప్పేద్దామని కాయితం రాసి పెట్టుకున్నాను. తాళం తీసింది నేనే, ఆవిడకేం తెలీదు అని."

"ఏదీ చూపించు."

"ఇదిగో."

"..."

"అదేంటత్తయ్యా, చింపేశారు!"

"నువ్వు ఒప్పుకుంటే మాత్రం గంట మోగకుండా ఉంటుందా?"

"మోగుతుంది."

"ఆవిణ్ణి లాక్కురాకుండా ఉంటారా?"

"ఉండరు."

"మరి ఆ కాయితం ఎవరికోసం? నీ మనసు తేలికవడానికా? మనసు సంగతి తర్వాత చూద్దాం. ఆ తెరమీద అతను మొహాలు గుర్తుపడతాడా?"

"లేదు. పదిహేను జైళ్ళు ఒక్కడే చూస్తాడు. ఎన్ని తలలో తెలుస్తుంది, ఏ తలో తెలీదు."

"నెరిసిందా, నల్లదా?"

"అవేం చూడడు. ఎందుకడుగుతున్నారు?"

"వేళెంతైంది?"

"మూడూ నలభై."

"లోపల మంచాలు పాతవేనా? ఎత్తువేనా? నాకు మోకాళ్ళు వంగవు."

"...వద్దత్తయ్యా."

"ఎత్తువేనా కాదా?"

"ఎత్తువే. కానీ వద్దు. మీరు లోపలికి రావడం ముందుగది కెమెరాలో పడింది. బయటికి వెళ్ళడం పడదు."

"అంత శ్రద్ధగా మనుషుల్ని చూసేవాళ్ళయితే రక్తం కక్కే మనిషిని చూసుండేవాళ్ళు."

"మూడు రోజులత్తయ్యా. రోజుకి రెండు లెక్కలు."

"ఇరవై ఎనిమిదేళ్ళున్నాను, మూడు రోజులుండలేనా?"

"మీరున్నది తలుపుకి ఇవతల."

"అవతల ఎలా ఉంటుందో నాకు తెలీదనేగా నువ్వనేది. నిజమే, తెలీదు."

"పగటిపూట నాతో ఉండే ఆమె చూస్తే? రాత్రి షిఫ్టువాళ్ళు చూస్తే?"

"నీతో ఉండే ఆమెకి నాలుగు రోజులుగా ఆ దగ్గు వినబడలేదా?"

"వినబడింది. నిన్న ఆమే నాతో అంది, ఏదో ఒకటి చెయ్యండి మేడం అని."

"అయితే ఆమె చూడదు. రాత్రివాళ్ళు గది తలుపు తీస్తారా?"

"తియ్యరు. భోజనం కిటికీలోంచి తోస్తారు."

"ఇంకేం. మిగతా పదిహేడు మందిలో సగం నన్నెరిగినవాళ్ళే. నన్నక్కడ చూసి కడుపుబ్బ నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నోరు మాత్రం విప్పరు."

"మీకేమైనా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పను?"

"మీ అమ్మ కార్డు మీరు ఆస్పత్రికిచ్చారు, మనిషిని నేను జైలుకిచ్చాను, సరికి సరి అని చెప్పు. పద, ఆరో గది తియ్యి. దారిలో ఆవిడ నంబరు చెప్పు, చెయ్యెత్తమని పిలిచేసరికి నాకు నోటికి రావాలి."