నొక్కు, పట్టుకో, వదులు

వాకిట్లో కారు. నాలుగు చక్రాలూ ఊడదీసి స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. వెనక చక్రం ఉండాల్సిన చోట నేల మీద కూతురు. డ్రైవరు సీట్లో తండ్రి. చేతికి పిండికట్టుతో మెట్ల మీద తల్లి.

"నొక్కు."

"నొక్కా."

"పట్టుకో. వదలకు… వదలకు… ఆ, గాలి తీసే నిపిల్ బిగించా. ఇప్పుడు వదులు."

"వదిలా. గాలి వస్తోందా?"

"సీసాలోకి బుడగలు వచ్చాయి, బాగానే ఉంది. ఇంకో నాలుగుసార్లు నొక్కితే ఈ చక్రం అయిపోతుంది. నాన్నా, తలెందుకలా దించుకున్నావ్? ఇక్కణ్ణించి చూస్తే సీట్లో మనిషే లేనట్టుంది."

"కాలు చూసుకుంటున్నా."

"ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపావు. బ్రేకు ఎక్కడుందో వెతుక్కుంటున్నావా?"

"ఊరికే. నువ్వు నీ పని చూసుకో."

"ఏమండీ! మీ కుడికాలి చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది. ఒంటి చెప్పుతో ఎక్కి కూర్చున్నారు."

"వదులైందే అది. జారిపోతోంది."

"పోయినవారం కొన్నది అప్పుడే వదులైందా? కాలికి చెప్పుందో ఊడిందో కూడా తెలీకపోతే ఎలాగండీ? ఏమే, మీ నాన్న కారుకి బ్రేకులు తర్వాత, ముందు ఆ చెప్పులకి తాళ్లు కట్టు."

"అమ్మా, నవ్వించకు. స్పానర్ జారుతోంది."

"నవ్వితే తప్పా? పదకొండు రోజులైంది ఈ ఇంట్లో ఎవరైనా నవ్వి. విరిగిందేమో నా చెయ్యి, మొహాలు వేలాడేసుకుని తిరుగుతోంది మీరిద్దరూ."

"నొక్కు నాన్నా."

"నొక్కా."

"పట్టుకో… వదులు. ఈ గొట్టాలు చూశావా? పాతవి ఉత్త రబ్బరువి. వీటికి పైన స్టీలు తీగ అల్లుంటుంది, ఎంత గట్టిగా నొక్కినా ఉబ్బవు. ముందు చక్రాలకి పెద్ద బ్రేకు డిస్కులు వేశా. వెనక డ్రమ్ములు పీకేసి అక్కడా డిస్కులే వేశా."

"పెళ్లికూతురిలా ముస్తాబు చేశావ్. ఇంత అవసరమా తల్లీ? పాతవి బాగానే…"

"బాగానే?"

"ఏం లేదు."

"బాగానే ఉంటే కారెందుకు ఆగలేదు నాన్నా?"

"వదిలెయ్యి తల్లీ."

"వదిలెయ్యడమేంటి? నువ్వే కదా చెప్పావు, బ్రేకు నొక్కాను, పట్టలేదని."

"చెప్పాను."

"మరి? నెల కింద ఆ బ్రేకు ప్యాడ్లు మార్చింది నేను. ఇదే వాకిట్లో, ఈ చేతుల్తోనే. పాత సామానంతా ఆ గోనెసంచి మీద పరిచి రోజూ చూస్తున్నా. ప్యాడ్లు మందంగానే ఉన్నాయి. ఆయిల్ కారలేదు. గొట్టం పగల్లేదు. ఎక్కడ తప్పు చేశానో దొరకట్లేదు. కనబడే తప్పయితే దిద్దుకుంటాను. కనబడకపోతే ఏం చెయ్యను? అందుకే అన్నీ పీకి కొత్తవి వేస్తున్నా."

"పోనీలేవే. మన కారు గుద్దిన గోడ పోస్టాఫీసు వాళ్లు మళ్లీ కట్టుకుంటారు. నా చెయ్యి అదే అతుక్కుంటుంది. సోమవారం కట్టు మారుస్తామన్నారుగా, మీ నాన్నే తీసుకెళ్తానంటున్నారు."

"కారు గుద్దడానికి పది నిమిషాల ముందు ఆ గోడ పక్కనే బడిపిల్లలు వరస కట్టి నిలబడ్డారట అమ్మా. నేను వెళ్లి అడిగొచ్చా."

"అవన్నీ ఎందుకే అడగడం? నీ బుర్ర నువ్వే తినేసుకుంటున్నావ్. ఏమండీ, మీరైనా చెప్పరూ దీనికి… అయ్యో, పాలు పొయ్యి మీద పెట్టొచ్చా, పొంగిపోతాయి."

"నాన్నా, అమ్మ వెళ్లిందిగా. కానియ్. నొక్కు."

"ఆగు. నీ చొక్కా జేబులో ఆ కాగితం ఏంటి?"

"అద్దంలోంచి నన్నేం చూస్తావ్? నొక్కు."

"నొక్కా. ఏంటది?"

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. ఏం కాగితం అంటే చెప్పవే?"

"ఉండు… ఏమీ రావట్లేదు. ఇందాక బాగా వచ్చింది, ఇప్పుడు చుక్క కదల్లేదు. వదులు. మళ్లీ నొక్కు."

"నొక్కా."

"లేదు. రావట్లేదు. ఎక్కడో తప్పు బిగించాను. మళ్లీ తప్పు చేశాను నాన్నా."

"నువ్వేం తప్పు చెయ్యలేదు. కాగితం సంగతి చెప్పు."

"డిపో మేనేజరుకి రాశా. రేపు ఇచ్చేస్తా."

"ఏమని?"

"ఉద్యోగం మానేస్తున్నానని."

"మతి పోయిందా నీకు? బ్రేకుల సెక్షన్లో అడుగుపెట్టిన మొదటి ఆడపిల్లవి. ఆ స్పానర్ పట్టుకోడానికి ఎంతమందితో గొడవపడ్డావ్! నాతో కూడా…"

"నీతోనే ఎక్కువ పడ్డా. రోజుకి ఆరు బస్సులు నా సంతకంతో గేటు దాటతాయి. ఒక్కోదాంట్లో యాభైమంది. కన్నతండ్రి కారుకే సరిగ్గా బ్రేకులు వెయ్యలేనిదాన్ని ఆ బస్సులకి ఎలా వేస్తాను? పదకొండు రోజుల్నించి సెలవు పెట్టి కూర్చున్నా. బస్సు చూస్తే భయమేస్తోంది నాన్నా. నిజంగా భయమేస్తోంది."

"నీకు చేతకాదని ఎవడన్నాడు?"

"వేరే ఎవరో ఎందుకు? నువ్వే అన్నావటగా. డిపో క్యాంటీన్లో, 'పాపం చిన్నపిల్ల, ఇంకా నేర్చుకుంటోంది, దాన్నేమనకండి' అన్నావట."

"నిన్ను తిట్టకుండా ఉంటారని…"

"అంటే నా తప్పేనని ఒప్పుకున్నట్టేగా?"

"అలా కాదు తల్లీ…"

"నీ తప్పు లేదమ్మా అని నాతో ఒక్కసారైనా అన్నావా, ఈ పదకొండు రోజుల్లో? ఒక్కసారి?"

"ఇప్పుడు అంటున్నాగా."

"ఇప్పుడు నేను అడిగాక అంటున్నావ్."

"ముప్పై ఒక్కేళ్లు తల్లీ. నా చేతిలో బండికి ఒక్క గీత పడలేదు."

"తెలుసు. అందరికీ తెలుసు. అందుకే నిన్నెవరూ ఏమీ అనలేదు. నాకూ నీ మీద అనుమానం రాలేదు. నువ్వు నొక్కానంటే నొక్కినట్టే."

"ఆ కాగితం ఇలా ఇవ్వు."

"ఇవ్వను. ముందు ఇది పూర్తిచేద్దాం. నా చేత్తో చేసే ఆఖరి పని, ఇదైనా సరిగ్గా చేసి పోతాను. నొక్కు."

"చింపెయ్యి తల్లీ. నా మాట విను."

"నొక్కు నాన్నా!"

"నొక్కా… నొక్కాను."

"రావట్లేదు. చూడు, నా పన్నెండో ఏట నువ్వే చెప్పావు. కింద పడుకున్నవాళ్లకి పెడల్ కనబడదు, పైన కూర్చున్నవాళ్ల మాట నమ్మే నిపిల్ తిప్పాలి అని. నొక్కకుండా నొక్కానని చెప్పేవాణ్ణి డిపోలో ఒక్క పూట కూడా ఉంచకూడదన్నావ్. గుర్తుందా?"

"గుర్తుంది."

"అందుకని గాలి ఉందో, గొట్టం తప్పో, నా చేతిలోనే ఏదైనా దోషం ఉందో తెలియాలంటే, నువ్వు నాకు సరిగ్గా చెప్పాలి. నొక్కావా?"

"నొక్కాననే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటి నాన్నా?"

"లేచి ఇటు రా."

"చేతులు నూనెగా…"

"ఉండనీ. రా. నేను కిందకి చూడను, ఇదిగో, ఎదురుగా గేటు వైపే చూస్తున్నా. రోడ్డు మీద చూసినట్టు. నా కాలు ఎక్కడుందో నువ్వు చూసి చెప్పు."

"నాన్నా… కాలు పెడల్ మీద లేదు. పక్కన, మ్యాటు మీదుంది."

"ఊఁ."

"ఇదేంటి, బొటనవేలికి ఇంత పుండేంటి? ఎప్పుడు తగిలింది? నాన్నా, గిల్లుతున్నా, నొప్పి లేదా?"

"గిల్లుతున్నావా?"

"గట్టిగా గిల్లుతున్నా నాన్నా… ఎన్నాళ్లనుంచి ఇలా? డాక్టరు దగ్గరికెళ్లావా? అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. కళ్లతో చూస్తూ నొక్కితే కాలు పెడల్ మీదే పడుతుంది. చూపు తిప్పితే ఎటు పోతుందో తెలీట్లేదు."

"మరి ఆ రోజు… నొక్కాను, పట్టలేదని…"

"గోడకి కొట్టాక కిందకి చూశాను తల్లీ. అప్పుడూ కాలు మ్యాటు మీదే ఉంది."