మూడో గంట తాడు

"అప్పుడే తినేశావా? బండి ఇంకా కదలనేలేదు, విల్ఫ్!"

"కదిలితే ఒలికిపోతుందని."

"గుడ్డు శాండ్‌విచ్ ఎక్కడైనా ఒలుకుతుందా?"

"నెమ్మదిగా, ఈనిడ్. ఎదురుగా ఆవిడ పేపరు చాటు నుంచి వింటోంది."

"విననీ. ముప్ఫై ఎనిమిదేళ్లు ఊరందరికీ ఉత్తరాలు పంచిన పోస్టుమాన్, రిటైరైన పదో రోజున పెళ్లాన్ని రైలెక్కించాడు. వినదగ్గ సంగతేగా."

"నేనెక్కడ ఎక్కించాను? యార్క్ అన్నదీ నువ్వే, టికెట్లు కొన్నదీ నువ్వే, కోటు తొడిగి నన్ను లాక్కొచ్చిందీ నువ్వే."

"ఫ్లాస్కులో టీ ఉంది. తాగి తిట్టు."

"శుక్రవారం వెళ్లి సోమవారం రావడమేమిటి? మధ్యలో ఆదివారం పోతుంది."

"పోదులే. యార్క్‌లో కూడా ఆదివారం వస్తుందట."

"వేళాకోళం కాదు. చర్చిలో నా గంట తాడు ఎవరికిచ్చాడో మా గంటల జట్టు పెద్ద, ఆ నార్మన్, నీకేమైనా చెప్పాడా?"

"నాకెందుకు చెబుతాడు? అదిగో, కిటికీలోంచి చూడు. గొర్రెలు."

"గొర్రెలు మనూళ్లో లేవూ? నలభై ఏళ్లు ఆ మూడో గంట లాగాను. భుజం కోసిన డాక్టరు ఇక తాడు ముట్టుకోవద్దన్నాడు, సరే. ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచి ఇప్పుడెవరికో కట్టబెట్టాడు! పేరడిగితే దగ్గుతాడు!"

"చలిగాలి పడదు, పాపం. నిజంగా దగ్గేనేమో."

"మాంసం కొట్టు కాలిన్‌కిచ్చి ఉంటాడు. ఒకటి తర్వాత రెండొస్తుందని కూడా తెలీదు వాడికి."

"తెలీకపోతే నేర్చుకుంటారు. నువ్వు పుట్టగానే లాగావా?"

"అంటే నువ్వు వాడి తరఫా?"

"నేను టీ తరఫు. చల్లారిపోతోంది, తాగు."

ఆదివారం ఉదయం. యార్క్ కోటగోడ మీద నడుస్తూ ఇద్దరూ ఆగారు. పెద్ద చర్చి గంటలు మొదలయ్యాయి.

"ఐదోది ఆలస్యం. విన్నావా?"

"నాకు బాగానే ఉంది."

"నీకేం తెలుసు?"

"అవును. నాకేం తెలుసు."

"ఈ పాటికి మనూళ్లోనూ మొదలెట్టి ఉంటారు. ఈనిడ్, నన్నిక్కడికి ఎందుకు తీసుకొచ్చావో నాకు తెలుసు."

"తెలుసా! ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఇంట్లో ఉంటే ఆ చప్పుడు నా చెవిన పడుతుంది, నేను మంచమెక్కుతానని. మంచి మనసే నీది. కానీ ఇక్కడ నిలబడ్డా నాకు అదే వినబడుతోంది. ఆ తాడు ఇంకెవరో పట్టుకున్నారంటే ఏడుపొస్తోంది. సిగ్గు విడిచి చెబుతున్నా."

"ఇదిగో రుమాలు. ఇవాళ మూడో గంట మోగటం లేదు, విల్ఫ్."

"ఎందుకని?"

"లాగే మనిషి ఊళ్లో లేదు."

"మొదటి వారమే ఎగ్గొట్టిందా! ఇదేం... ఆగాగు. ఆడమనిషా?"

"ఆడమనిషే. చలికాలమంతా పక్కూరి చర్చిలో నేర్చుకుంది. కిందటి నెలదాకా తాడు విసురుకి కాళ్లు పైకి లేచిపోయేవట."

"దేవుడా! అలాంటిదానికా నా గంట!"

"అందుకే వెనకాల నిలబడి తప్పులు పట్టే మనిషి కావాలట. తప్పులు పట్టడంలో నీ అంతవాడు లేడని ఊరంతా అంటుందిగా."

"నేనెందుకు నిలబడతాను, ముక్కూ మొహం తెలియని ఆవిడ వెనకాల?"

"నిలబడకు. నువ్వు ఊఁ అనకపోతే ఆవిడ తాడే ముట్టుకోదు. నార్మన్‌కి ముందే షరతు పెట్టింది."

"షరతు పెట్టిందా... నన్నడగమని?"

"నిన్నే."

"మరి నా ఊఁ కావాలంటే వచ్చి నన్నే అడగొచ్చుగా! మన ఇల్లు తెలీదా? ఎక్కడికి పోయింది?"

"మొగుడితో యార్క్ వచ్చింది. అడుగుతోంది."