పది వారాల కుర్చీ

పలాసలో అరవై దాటినవాళ్ల కోసం పెట్టే ఉపన్యాసాలకి రిటైరైన మేష్టారొకాయన పేర్లు రాసుకుంటున్నాడు. భావనపాడు నుంచి వచ్చిన ముసలాయన బల్ల ముందు నిలబడ్డాడు.

“నా పేరు కూడా రాయండి మేష్టారూ. మాది భావనపాడు.”

“చేతికి ఆ పట్టీ ఏమిటి? డయాలసిస్సా?”

“అవును బాబూ, వారానికి రెండు మాట్లు. మీ పాఠాలు ఆదివారం కదేటి, ఆ రోజు నాకు ఖాళీయే.”

“పాఠాలు పది వారాలు. నువ్వు పది వారాలుంటావా? పోయినేడు మీ ఊరి బేబికి సీటిచ్చాం, ఆమెదీ డయాలసిస్సే. ఆరో వారానికే పోయింది. ఆఖరి రోజు ఫొటోలో ముందు వరసలో ఖాళీ కుర్చీ పడింది.”

“బేబి నా పెళ్లామే బాబూ. ఇంటికొచ్చి పాఠమంతా నాకు సెప్పీది. దాని మిగిలిన నాలుగు వారాలూ నాకియ్యండి, సాలు.”

“పక్కకి జరుగు. మీ ఇంటికి ఒకసారి ఇచ్చి చూశాం, చాలు.”