దజీజ్ గోడౌన్‌లో బ్రిటన్ యాత్ర

1990 ఆగస్టు రెండు, గురువారం. పొద్దున్న ఆరింటికే ఎండ వీపు మీద పెనం పెట్టినట్టుంది. వాయవ్యం నుంచి దుమ్ముగాలి, ఆకాశమంతా గోధుమరంగు, గాలిలో ఉప్పూ పెట్రోలూ కలిసిన వాసన.

అని మొదలుపెట్టాను నేను. తారీకూ వాతావరణమూ కచ్చితంగా చెప్పేస్తే ఆ తర్వాత చెప్పేదంతా జనం నమ్ముతారని కాకినాడ కాలేజీలో మా చరిత్ర మాస్టారు అనేవారు. ఆయన సుద్దముక్కతో బోర్డు మీద యుద్ధాలు నడిపేవారు, గుర్రాలు కూడా వేసేవారు, అవి మేకల్లా ఉండేవి. అది వేరే సంగతి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లో, ఫర్వానియా మలయాళీ టీకొట్టు ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లు నన్ను నమ్మడం నాకు చాలా అవసరం. యుద్ధం అయిపోయి ఆరేళ్లు దాటింది. మమ్మల్ని తన పూచీ మీద పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ ఫహద్ పోయి నలభై రోజులు. ఆయనతోపాటే మా ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితాలూ, పోయినట్టే. ఆయన భార్య మామా మజీదా మాత్రం (పనివాళ్లం ఆయన్ని బాబా అనీ, ఆవిణ్ణి మామా అనీ పిలిచేవాళ్లం) పాత పనివాళ్లలో ఒక్కణ్ణి తన కాగితాల మీద ఉంచుకుంటాననీ, బ్నీద్ అల్ గార్ ఇంటి మేడ మీద గది ఇస్తాననీ చెప్పింది. ఇరాక్ వాళ్లు వచ్చిన ఆ ఏడు నెలల్లో ఎవడు ఎక్కువ కష్టపడ్డాడో వాడికి. రెండోవాడు విమానం ఎక్కాల్సిందే. పోటీలో ఉన్నది ఇద్దరం: గుమాస్తాని నేను, వంటవాడు చిన్నపుల్లయ్య. నాకు అరవై నాలుగేళ్లు. కాకినాడలో నాకంటూ మంచం వేసుకునే చోటు లేదు.

ఇద్దరి మాటా విని రమ్మని ఆవిడ తన డ్రైవరు నాగేంద్రప్రసాద్‌ని పంపింది. కడప జిల్లావాడు, నవ్వకుండా ఎగతాళి చేస్తాడు. అతనితోపాటు ఆ ఇంట్లో నెల క్రితం చేరిన సూరాయమ్మ అనే కోనసీమ మనిషి కూడా వచ్చి, సంచిలోని చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. ముందు చిన్నపుల్లయ్యని చెప్పమన్నారు.

"ఇంట్లోనే ఉంటి. బూజు దులుపుతా ఉంటి," అన్నాడు. అంతే. టీ తాగాడు.

ఇక నా వంతు.

అసలు ఆ ఏడాది ఎండాకాలంలో అబూ ఫహద్ కుటుంబం ఇరవై ఆరు రోజులు బ్రిటన్ వెళ్లాలనుకున్నారు. సగం పాత నగరాలు, సగం కొండలూ నీళ్లూ. ప్లాను వేసింది నేను, పదిహేడు పేజీలు, టైపు చేసింది కూడా నేనే. యార్క్‌లో ఊరి చుట్టూ గోడ మీద నడక, బాత్‌లో రోమన్లు కట్టిన వేణ్ణీళ్ల స్నానశాల, ఎడిన్‌బరో కోట, వేల్స్ కొండలెక్కడం, స్కాట్లండ్ సరస్సులో రబ్బరు పడవ, గుడారంలో మూడు రాత్రులు. ఏ ఊళ్లో ఏ పూట వాన పడుతుందో కూడా రాశాను. మరి ఇంత చేసినవాణ్ణి తోడు తీసుకెళతారనుకోనా? అబూ ఫహద్ చిన్నపుల్లయ్యని తీసుకెళతానన్నాడు. ఎందుకయ్యా అంటే కొండ మీద పొయ్యి పెట్టి వండగలడట, సామాను మోయగలడట. ఆరో తరగతి చదివినవాడు యార్క్ గోడ మీద నడుస్తాడు. ఆ గోడ గురించి పరీక్ష రాసి పాసైన నేను ఆయన దజీజ్ గోడౌన్‌లో బియ్యం బస్తాలకి కాపలా కాయాలి. నాకు ఆ నెలంతా అన్నం సయించలేదు. అయినా వీసా ఫారాలన్నీ నేనే నింపాను. అందరి పాస్‌పోర్టులూ తిరిగి వచ్చాయి గానీ చిన్నపుల్లయ్యది మాత్రం బ్రిటన్ ఎంబసీలోనే ఉండిపోయింది. శనివారం ప్రయాణం, గురువారం ఇరాక్ వాళ్లు దిగారు. మర్నాడే అబూ ఫహద్ కుటుంబం ఎడారి దారిన సౌదీ వెళ్లిపోయారు. ఇంటికి చిన్నపుల్లయ్య, గోడౌన్‌కి నేను.

"అదంతా మాకు తెలుసు సామీ. కష్టం కాడికి రా," అన్నాడు నాగేంద్రప్రసాద్.

వస్తున్నా. నాలుగో రోజు గోడౌన్ ముందు ఒక జీపు ఆగింది. ముగ్గురు సిపాయిలు, బూట్లకి తాళ్లు లేవు, పెదవులు పగిలిపోయి ఉన్నాయి. నేను టీ పెట్టి ఇచ్చాను. అందులో గొప్పేం లేదు, ఎవరైనా ఇస్తారు. వాళ్లలో ఒకడు గోడ మీద బ్రిటన్ పటం చూశాడు, గుండుసూదులు గుచ్చి ఎర్రదారం కట్టింది. ఇదేమిటన్నాడు. మా బాబా సెలవుల ప్లాను అన్నాను. నాకొచ్చిన అరబ్బీలో యార్క్ గోడ గురించి రెండు ముక్కలు చెప్పాను. ముగ్గురూ నేల మీద కూర్చుండిపోయారు. పొద్దువాలేదాకా విని, రెండు బస్తాలు మాత్రం వేసుకుని వెళ్లిపోయారు. చుట్టుపక్కల గోడౌన్లు గోడలతో సహా ఊడ్చేశారు, తెలుసా.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు వాళ్ల కెప్టెను వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, నాకూ ఒక ప్లాను కావాలి ఉస్తాద్, భార్య, నలుగురు పిల్లలు, తొమ్మిది రోజులు, వాన ఉండకూడదు అన్నాడు. వాన లేకుండా బ్రిటన్ అంటే ఎంత కష్టమో మీకు తెలియదు. రెండు గంటలు ఆలోచించి టైపు చేసి ఇచ్చాను. మర్నాటి నుంచి మా తలుపు దగ్గర తుపాకీతో కాపలా. గోడౌన్‌లోకి ఈగ కూడా చీటీ చూపించి రావాలి.

"ఈగకి ఇఖామా అడిగినారా?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

నవ్వు నాయనా. వారం తిరిగేసరికి లైను మొదలైంది. మా గుమ్మం నుంచి విమానాశ్రయం గోడ దాకా సిపాయిలు, వాళ్ల వెనక యాభై ట్యాంకులు, ఇంజన్లు ఆపేసి మరీ. నాకు టైపు మిషన్ చప్పుడు వినపడాలి కదా. ఒకడికి ఎడిన్‌బరో కావాలి గానీ మెట్లు వద్దు, మోకాలినొప్పి. ఇంకొకడికి పెళ్లాం వైపువాళ్లు లేని ఊరు కావాలి. కార్బన్ కాగితం అయిపోతే బాగ్దాద్ నుంచి విమానంలో తెప్పించారు. నేను టైపులో హయ్యర్ గ్రేడ్ పాసైనవాణ్ణి, ఆ రోజుల్లో కాకినాడలో హయ్యర్ అంటే, సరే, అది వేరే సంగతి.

చిన్నపుల్లయ్య రెండో టీ చెప్పాడు. నా వైపు చూడలేదు. నాకు ఇంకా పట్టుదల వచ్చింది.

ఆ తర్వాత షుఐబా రేవు నుంచి హెలికాప్టర్‌లో ఒక జనరల్ దిగాడు. భుజాల మీద నక్షత్రాల బరువుకి పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. కాగితం మీద చాలదు, సాధన చేయించాలన్నాడు. చేయించాను. బియ్యం బస్తాలు పేర్చి తొమ్మిది అంతస్తుల ఎత్తున వేల్స్ కొండ కట్టించాను, మంచు కావాలంటే పైన రెండు లారీల పంచదార పోయించాను. యాత్ర కోసం అబూ ఫహద్ కొన్న తాళ్లు కట్టుకుని బెటాలియన్ మొత్తం ఎక్కింది. పైదాకా వెళ్లినవాళ్లకి చలేసింది. ఆగస్టులో, దజీజ్‌లో, పళ్లు టకటకమని కొట్టుకున్నాయి, దుప్పట్లు అందించాల్సొచ్చింది.

"పంచదారకి చీమలు పట్లేదాండీ?" అంది సూరాయమ్మ తలెత్తకుండా.

పట్టాయి. చీమలకి కూడా చలేసి దిగిపోయాయి. ఇక సరస్సు సంగతి. నీళ్ల ట్యాంకర్లు రెండు వందలు పిలిపించి పక్క గోడౌన్ నింపాం. రబ్బరు పడవలో జనరల్‌ని కూర్చోబెట్టి నేనే తెడ్డు వేశాను. మూడో రోజుకి అందులో చేపలు పుట్టాయి, ఐదో రోజుకి పొగమంచు లేచింది, ఆరో రోజు అవతలి గట్టు మీద గొర్రెలు అరవడం నేను నా చెవులారా విన్నాను. జనరల్ కన్నీళ్లు పెట్టుకుని, రావ్, నాకింక ఈ యుద్ధం వద్దు, నాకు స్కాట్లండ్ కావాలన్నాడు. నేనేమన్నానో తెలుసా? ప్లాను పన్నెండో పేజీలో ఉంది, ట్యాంకులు మాత్రం తీసుకెళ్లకూడదు, అక్కడ సందులు ఇరుకు అన్నాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున్న మూడు వందల ట్యాంకులు వెనక్కి తిరిగాయి. కువైట్‌ని విమానాలు విడిపించాయని లోకమంతా రాసుకుంది. రాసుకోనీండి. విడిపించింది నా టైపు మిషన్. ఏడు నెలలు దజీజ్ గోడౌన్ దాటి అడుగు బయటపెట్టలేదు నేను. ఇంతకంటే కష్టం ఎవడైనా పడ్డాడేమో నువ్వే వెళ్లి మామాకి చెప్పు.

నాగేంద్రప్రసాద్ గడ్డం గోక్కున్నాడు. గొర్రెల సంగతి తీసేసినా ఏడు నెలల కాపలా మిగులుతాది కదా అని చిన్నపుల్లయ్యతో అన్నాడు. చిన్నపుల్లయ్య కూడా తల ఊపాడు. గది నాదే అనిపించింది.

అప్పుడు సూరాయమ్మ ఒళ్లోని ఈనెలు కింద దులుపుకుంది.

"ఇందాకట్నుంచీ ఈ గొంతు ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తున్నానండీ," అంది. "ఇళ్లకి పారిపోతుంటే, జోర్డాను బస్సులో. ఆగస్టు ఆఖర్లో. దుమ్ముకి నేను మొహానికి తువ్వాలు చుట్టుకున్నాను, మీకు గుర్తుండదు. నా వెనక సీట్లో మీరే. రెండు రోజులు ఆపకుండా ఇలాగే చెప్పారు. అప్పుడు కొండ లేదు గానీ ఒంటెలున్నాయి."

మనుషుల్ని పోలిన మనుషులుంటారమ్మా అన్నాను.

"ఉంటారండీ. కానీ సరిహద్దు దగ్గర పోలీసు మీ కవరు దులిపితే రెండు పాస్‌పోర్టులు పడ్డాయి. ఒకటి మీది. రెండోది ఎవరిదని అడిగితే, చచ్చిపోయిన మా స్నేహితుడిది, వాళ్లావిడకి ఇవ్వాలి అని ఏడిచారు. నేనూ ఏడిచి నా వాటా రొట్టె మీకిచ్చాను." ఆవిడ బల్ల చివరికి చూసింది. "ఆ ఫొటోలో ఎడమ కనుబొమ్మ మీద గాటుంది. అదిగో, ఈయనే."

చిన్నపుల్లయ్య కనుబొమ్మ మీద గాటు అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు కొడవలి తగిలిందట.

చెప్పడానికేముంది. నిజం చాలా చిన్నది. అతని పాస్‌పోర్టు ఎంబసీ నుంచి అందరివాటితోపాటే వచ్చింది. నేనే నా కవర్లో దాచి, ఇంకా రాలేదన్నాను. శనివారం దాకా దాస్తే చాలు, వేరే దారి లేక నన్ను తీసుకెళతారనుకున్నాను. నా పాస్‌పోర్టు మీద కూడా ఫారం నింపి వీసా వేయించుకుని ఉంచుకున్నాను. యుద్ధం వస్తుందని నాకేం తెలుసు? మూడు వారాల తర్వాత బస్సులు దొరికినప్పుడు ఆ కవరు పట్టుకుని పరుగెత్తాను. అందులో రెండున్నాయని సరిహద్దు దగ్గర గుర్తొచ్చింది. అప్పటికి వెనక్కి వెళ్లే బస్సు లేదు. ఉన్నా వెళ్లేవాణ్ణని చెప్పలేను. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి, గోడౌన్ కదల్లేదనే అందరితో చెప్పాను.

చిన్నపుల్లయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేను ఎంబసీ గేటు కాడికి ఎన్నిసార్లు పోయింటినో రావుసార్," అన్నాడు. "తుపాకులోళ్ల మధ్యన నడ్సుకుంటా. లోపల నా పాస్‌పోర్టు ఉండాది, అదొక్కటి ఇస్తే ఇంటికి పోతానని గోడ బయట నిలబడి అరిస్తి. ఒకసారి పట్టుకుని నాలుగు రోజులు కూడు పెట్టలేదు. మళ్లా పోయింటి."

వింటూ మలయాళీ పాలు పొంగనిచ్చాడు.

"ఇప్పుడది యాడుంది?"

కాకినాడలో మా తమ్ముడింట్లో, నా పుస్తకాల మధ్య ఉందని చెప్పాను.

"వీసా పడిందా?"

పడింది. జూలై ఇరవై నాలుగున, ఆరు నెలలకి.

అతను కాసేపు ఆ తారీకు నోట్లోనే అనుకున్నాడు. ఆ తర్వాత, "కొండ మీద నిజంగా చల్లగా ఉంటాదా?" అని అడిగాడు. ఉంటుందని పుస్తకాల్లో చదివానన్నాను. నేనే కనక ఆ పాస్‌పోర్టు దాచకపోతే అతను కూడా అందరితో ఆగస్టులోనే ఇంటికి చేరేవాడు. మామా ఇంట్లో ఆ ఏడు నెలలు దీపం వెలిగించడానికి ఎవడూ ఉండేవాడు కాడు. అతనికి ఆ అర్హత సంపాదించిపెట్టింది నేనే. ఈ మాట నాగేంద్రప్రసాద్‌తో అంటే, మామాకి ఇది కూడా చెప్తాను సామీ అన్నాడు.

చెప్పాడు. పది రోజుల్లో పంపకాలు అయిపోయాయి. దజీజ్ గోడౌన్ పెద్దకొడుక్కి, బ్నీద్ అల్ గార్ ఇల్లు మామాకి. పాత షెవర్లే కారు నాగేంద్రప్రసాద్‌కి. సూరాయమ్మకి కుట్టుమిషనూ రెండు ఉన్ని శాలువాలూ. మేడ మీద గదీ, మామా పేరు మీద ఇఖామా, అబూ ఫహద్ చేతి గడియారమూ చిన్నపుల్లయ్యకి. ఆ గదికి సముద్రం వైపు కిటికీ కూడా ఉందట. నాకు ఏమీ రాలేదు.