పలక రెండో కొస

భార్య పోయిన ఏడాదికి మళ్లీ రంపం పట్టిన పెద్దాయన, డెంకణికోట నుంచి హోసూరులో తనకు అలవాటైన పనిముట్ల అంగడికి వచ్చాడు.

“పలకని బల్లకి బిగించే క్లాంపుల్లో ఏ కంపెనీది నమ్మొచ్చప్పా?”

“టపారియా తీసుకోండి సార్. రంపం, డ్రిల్లు అన్నీ ఈడే కొనుక్కుపోయినారు. క్లాంపు ఎప్పుడూ అడగలేదే?”

“అప్పుడు పలక రెండో కొస మా ఆమె పట్టుకునేది. నిన్న పుస్తకాల అర చేద్దామని ఒక్కణ్ణే కోసినాను. తెగేముందు కొస వేలాడి, మంచి టేకు పలక చీలిపోయింది.”

“క్లాంపు బల్ల మీదుండే భాగాన్నే పట్టుకుంటాది సార్. వేలాడే కొసకి ఈ స్టాండు పెట్టుకోండి. ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తులో నిలబడతాది.”

ఆయన స్టాండు మీద చెయ్యి ఆనించి చూశాడు.

“గట్టిగానే ఉండాది. ఆమె అయితే ‘గీత తప్పుతా ఉండారు, కండ్లద్దాలు పెట్టుకోండి’ అని తిట్టేది. ఇది ఏమీ అనదు కదప్పా.”

అంగడాయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

“ఆదివారం అంగడి లీవు సార్. నేనొచ్చి పట్టుకుంటాను. తిట్టమంటే తిడతాను కూడా.”

“అంత దూరం వస్తావా?”

“బస్సు ఉండాది కదా సార్.”

“అయితే క్లాంపులొక్కటే ఇయ్యప్పా” అంటూ ఆయన స్టాండును మెల్లగా వెనక్కి జరిపాడు.