బండ కింద నాలుగోవాడు

చిత్తూరులో ఒక యువతి చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితాల మీద అచ్చులు తీసే షెడ్డుకి ఒక మధ్యాహ్నం గ్రానైట్ క్వారీ మేనేజరు వచ్చాడు. దండెం మీద ఆరుతున్న నల్లటి అచ్చు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఇది మా క్వారీనే గదమ్మా?”

“అవును సార్. పోయిన నెల బండ పడి మా మామ పోయినాడు గదా. ఆ పొద్దుటి బొమ్మే.”

“మనుషులు ఇట్లుంటారా? నోళ్లు అంతంత తెరుసుకోని, సేతులు ఎండుకొమ్మల మాదిరి వంకర్లు పోయి.”

“జర్మనీలో ఒక కాలంలో ఇట్లనే చెక్కినారు సార్. మా కాలేజీలో నేర్పించినారు. ఆ కబురు విన్నప్పుడు నాకు ఎట్లుండిందో అట్లనే చెక్కినాను.”

“బొమ్మలో బండ కింద నలుగురుండారే.”

“ఉండారు సార్.”

“సచ్చింది ముగ్గురు. పేపర్లో గూడా ముగ్గురనే వచ్చింది.”

“నేనూ సదివినాను.”

“మరి నాలుగోవాడి సంగతి నీకెవరు సెప్పినారు? వాడు ఈ పక్కోడు గూడా కాదు. ఒడిశా నుంచి వచ్చినోడు.”

ఆమె చేతిలోని ఉలి పక్కన పెట్టింది.

“ఎవరూ సెప్పలేదు సార్. చెక్కలో ఆ మూల ఖాళీగా ఉంటే ఇంకో మనిషిని చెక్కినాను.”

మేనేజరు తలుపు వైపు చూశాడు.

“ఆయన ఇంకా ఆ బండ కిందనే ఉండాడా సార్?”

అతను వెనక్కి వెళ్లి షెడ్డు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఈ అచ్చులు ఎన్ని తీసినావు తల్లీ? ఎవరెవరికి ఇచ్చినావు?”