అక్క ఇంట్లో స్నానం

“ఒరేయ్, ఇంకెంతసేపురా? లోపల ఉన్నది నువ్వేనా, ఏనుగేమైనా దూరిందా?”

“వచ్చేస్తున్నానక్కా! తలకి సబ్బు రాసుకున్నాను, అంతే.”

బాత్రూం తలుపుకి అవతల తమ్ముడు, యాభై ఏళ్ళకి రెండేళ్ళు తక్కువ, బళ్ళో సైన్సు మాస్టారు. ఇవతల స్టూలు మీద అక్క, ఒళ్ళో బఠాణీల పళ్ళెం. పొద్దున్న ఏడు గంటలు. మధ్యలో తలుపూ, ఆగకుండా నీళ్ళ చప్పుడూ.

“అంతే అని పావుగంటైంది. వీధి వీధంతటికీ మూడు నిమిషాల స్నానం నేర్పి, నీకు మాత్రం ముప్పావు గంటా?”

“మెల్లిగా అనక్కా. కిటికీ తీసుంది.”

“తీసుంటే ఏం? పక్కింటావిడ నిన్ననే అడిగింది, ‘పొదుపు మాస్టారు రోజూ పొద్దున్నే మీ ఇంటికొస్తారేం’ అని.”

“ఏం చెప్పావు?”

“అక్కంటే ప్రేమ అన్నాను. నవ్వు ఆపుకోలేక చచ్చాను.”

“అబద్ధమేముంది, ప్రేమేగా.”

“ప్రేమ నా మీద కాదు నాయనా, నా షవరు మీద. నాలుగు నెలల్నుంచీ నీ పెళ్ళానికి వాకింగ్ అని చెప్పి ఇక్కడ తేలుతున్నావు. వాకింగ్‌కి వెళ్ళినవాడు చెమటలు కారుతూ రావాలి. నువ్వు కడిగిన ముత్యంలా ఇంటికెళ్తే ఏమనుకుంటుంది?”

“తల ఆరేదాకా పార్కులో కూర్చుంటాను.”

“ఛీ, ఏం బతుకురా ఇది!”

“నువ్వు కూడా తిట్టకక్కా. నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.”

“తిట్టుకుంటూ కుళాయి కట్టొచ్చుగా?”

“కట్టేశాను. ఇదిగో, కట్టేశాను.”

“చప్పుడు వినిపిస్తోంది.”

“కాళ్ళు. కాళ్ళొక్కటే మిగిలాయి.”

“అసలు నిన్నెవరు కట్టమన్నారురా అలాంటి ఇల్లు? ఒళ్ళు రుద్దుకునేలోపే టైమైపోయిందని గంట కొట్టే బాత్రూమూ, నువ్వూనూ!”

“ఇంటినేం అనకు. ఇంటి తప్పేం లేదు. వాన నీళ్ళు ఒక్క చుక్క గేటు దాటవు. వంటింటి నీళ్ళు చెట్లకి, వాష్‌బేసిన్ నీళ్ళు ఫ్లష్‌కి. ఎంత ఎండలోనైనా ఫ్యాను చాలు. కరెంటు మా కప్పు మీదే పుడుతోంది. అన్నీ నిజాలే అక్కా. ఆ ఒక్కటే...”

“గేటుకి తగిలించిన పలక.”

“ఆ పలకే. రోజూ మీటరు చూసి, వాడిన నీళ్ళు రాసేది.”

“మనిషికి రోజుకి యాభై లీటర్లు! ఎంత పెద్ద అక్షరాలో! అందులో నీ స్నానం ఎక్కడుందిరా?”

“ఇక్కడుంది.”

“అదే కదా నేననేది. నీ ఇంట్లో మిగిలిన నీళ్ళన్నీ నా ఇంట్లో కారుతున్నాయి.”

“మొదట ఒక్కరోజే అనుకున్నాను. బళ్ళో పైపు పగిలి బురదంతా మీద పడింది చూడు, ఆ రోజు. నీ షవరు కింద నిలబడగానే ప్రాణం లేచొచ్చింది. మర్నాడు కాళ్ళు వాటంతటవే ఇటు నడిచాయి.”

“కాళ్ళ మీదకి నెట్టకు.”

“సరే, బుద్ధి గడ్డి తింది. చాలా?”

“చాలదు. నీ దారిన నువ్వు దొంగస్నానాలు చేసుకుంటే పోనీలే అనుకుందును. దాన్నెందుకు అన్నావు?”

“ఎవర్ని? ఏమన్నాను?”

“అబ్బో, తెలీనట్టు! పలక మీద అంకె పెరిగినప్పుడల్లా పెళ్ళాన్ని ఏమన్నావు?”

“ఊరికే... మీటరు చూసి...”

“చెప్పు.”

“‘నాది ఇరవై కూడా దాటట్లేదు, నీదే ఎక్కువవుతోంది’ అన్నాను.”

“ఎన్నిసార్లు?”

“రెండు. రెండుసార్లు. మూడేమో.”

“ఇంకేం, అది తన నెత్తిన వేసుకుంది. నడుం దాకా ఉండే జుట్టు! తలస్నానానికి రెండు బకెట్లు పోతున్నాయని మెడ దాకా కత్తిరించుకొచ్చింది.”

“ఎండలకి హాయిగా ఉంటుందంది నాతో.”

“నువ్వు నమ్మావు.”

“నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాను. నీకు బాగా నప్పింది అని కూడా అన్నాను. ఆ రోజు అద్దం ముందు నిలబడి, అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి పెట్టి జడ కోసం తడుముకుందక్కా. నేను చూశాను. చూసి, పేపరు అడ్డం పెట్టుకున్నాను.”

“పేపరు అడ్డం పెట్టుకున్నావా!”

“పెట్టుకున్నాను. తిట్టు.”

“తిట్టి ఏం లాభంరా.”

“ఇంకోటి చెప్పనా? నిన్న ఐదో క్లాసు పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చింది. ‘మాస్టారూ, మీ పలక చూశాక మా అమ్మ నానమ్మకి రెండు చెంబులే ఇస్తోంది, ఒంటి మీది సబ్బు పోక నానమ్మ గోక్కుంటోంది’ అంది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.”

“అయ్యో రాత! మరి రేపేం చేస్తావు? ఎంతమంది వస్తున్నారు ఇల్లు చూడటానికి?”

“వంద మంది దాకా. బడి పిల్లలు, వీధి వాళ్ళు, నీళ్ళ ఆఫీసు పెద్దాయన. పెరట్లో కుర్చీలు వేస్తున్నారు. ఇలా ఎలా బతుకుతున్నారో చెప్పండి అని మైకు ఇస్తారట.”

“చెప్పు. అబద్ధం నీకు కొత్తా?”

“చెప్పేది నేను కాదు. తను.”

“ఊఁ.”

“నలుగురిలో నోరు విప్పని మనిషి! వారం నుంచీ ఒకటే పట్టు, ‘మీరు కూర్చోండి, నేనే మాట్లాడతాను’ అని. కాగితం మీద రాసుకుని పొయ్యి దగ్గర బట్టీ పడుతోంది. అది చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు.”

“నీకెందుకు దిగట్లేదు? కూర్చోబెట్టినందుకా?”

“ఏం మాటక్కా అది! నా అబద్ధం తన నోటితో చెప్పిస్తున్నాను. పాపం, ఏమీ తెలీకుండా అందరి ముందూ నిలబడి చెప్పేస్తుంది. రేపెప్పుడో బయటపడితే జనం వేలు పెట్టి చూపించేది తననే కదా.”

“అయితే ఇవాళే చెప్పెయ్ దానికి.”

“చెప్తాను.”

“ఎప్పుడు?”

“సాయంత్రం.”

“సాయంత్రం దాకా ఎందుకు? తిన్నగా ఇంటికెళ్ళి చెప్పు.”

“ఇప్పుడు బడికి...”

“ఇవాళ సెలవురా!”

“అవును కదూ. అక్కా... నువ్వు చెప్పరాదూ? నీ మాటంటే తనకి గురి.”

“చేసింది నువ్వు, చెప్పాల్సింది నేనా? బాగుంది వరస!”

“నా వల్ల కాదక్కా. తను నా మొహంలోకి చూస్తే మాట పెగలదు. ఇరవై రెండేళ్ళలో నన్ను ఒక్కనాడు అనుమానించలేదు. పలక పోతే పోనీ. వీధి నవ్వితే నవ్వనీ. తను నన్ను చూసే ఆ చూపు పోతే ఇంక నా దగ్గరేముంటుంది చెప్పు?”

“నీళ్ళు కట్టెయ్.”

“కట్టేశాను.”

“నిజంగా?”

“విను, చుక్క చప్పుడు లేదు.”

“తువ్వాలు చుట్టుకుని, ఆ బకెట్టు బోర్లించి కూర్చో.”

“ఎందుకు?”

“కూర్చోమన్నానా!”

“కూర్చున్నాను. ఏంటక్కా?”

“నువ్వేం చెప్పక్కర్లేదు. దానికి తెలుసు.”

“ఏం తెలుసు?”

“అంతా.”

“ఎవరు చెప్పారు? నువ్వేనా? అక్కా, నువ్వేనా?”

“నేనెందుకు చెప్తాను? పోయిన నెల ఓ రోజు చినుకులు మొదలయ్యాయి చూడు. వాకింగ్‌లో తడిసిపోతావని గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. పార్కులో లేవు. ఇటొచ్చింది. నువ్వు లోపల కూనిరాగం తీస్తున్నావు. ఇక్కడే నిలబడి పావుగంట ఆ చప్పుడు వింది.”

“ఏడ్చిందా?”

“లేదు. ‘ఎన్నాళ్ళైందో వదినా, ఆయన పాట విని’ అంది.”

“అక్కా...”

“తలుపు కొట్టనా అన్నాను. చెయ్యి పట్టుకుని ఆపింది. ‘వద్దు వదినా. నాకు తెలిసిందంటే రేపట్నుంచి ఇక్కడికి రావడం మానేస్తారు. ఇంట్లోనూ రెండు చెంబులే పోసుకుంటారు. పౌరుషం మనిషి’ అంది. నీతో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.”

“అంతా తెలుసా? నెల నుంచీ తెలుసా? రోజూ షూలు తుడిచి గుమ్మంలో పెడుతోందక్కా, వాకింగ్‌కి టైమైందని!”

“పెడుతుంది మరి.”

“మరి తెలిసి తెలిసీ రేపు మైకు ఎందుకు పట్టుకుంటానంది? అంతమంది ముందు నా కోసం అబద్ధం ఎందుకాడటం?”

“అది అబద్ధం ఎందుకు ఆడుతుందిరా, పిచ్చివాడా! నువ్వు లేస్తే ఇద్దరి నీళ్ళూ చెప్పాలి, అబద్ధమాడాలి. అందుకే తను లేచి, తను రోజుకి ఎన్ని నీళ్ళు వాడుతుందో అదొక్కటే చెప్పి కూర్చుంటుందిట.”